పెరట్లో పూడ్చిన విందు

మొన్న మంగళవారం పొద్దున క్లాసులో ఉండగా, హైదరాబాదు నుంచి నాకు ఫోనొచ్చిందని కాలేజీ ఆఫీసు నుంచి కబురు. వెళ్ళి రిసీవర్ అందుకున్నాను. అవతల టీచరమ్మ తమ్ముడు, మల్కాజ్‌గిరి నుంచి.

"అక్క పోయింది సార్. నిద్రల్నే పోయింది. సాయంత్రం మట్టి చేస్తున్నం, మీకు చెప్పాల్నని..." అన్నాడు.

ఆ మాట విన్నాక ముందుగా ఆమె ముఖం గుర్తు రావాలి. నాకు మాత్రం ఒక వాసన గుర్తొచ్చింది. పులిసిన అన్నం, చెడిన మాంసం, తడి ఆకులు కలిసిన వాసన. కొన్నేళ్ళ కింద ఒక ఎండాకాలంలో తార్నాకలోని ఆమె పెరట్లోంచి లేచి వీధంతా పాకిన వాసన. పోయిన మనిషిని అలా తలుచుకోవడం మర్యాద కాదని తెలుసు. బస్సులో కూర్చున్నంతసేపూ సిగ్గుపడుతూనే ఉన్నాను. అయినా ఆ వాసన ముక్కును వదల్లేదు.

నేను వెళ్ళేసరికి సమాధి దగ్గర చర్చి వాళ్ళు పాట పాడుతున్నారు. ఆమె తమ్ముడు నన్ను పక్కనున్నవాళ్ళకు చూపించి, "గీ సారు డాక్టరు. దవఖాన డాక్టర్ గాదు, చదువుల డాక్టర్. అక్క ఇంట్లనే ఉండి చదివిండు" అన్నాడు. అందరూ నా వైపు గౌరవంగా చూశారు. నేను తల దించుకుని పిడికెడు మట్టి తీసుకున్నాను. డాక్టర్ అన్న మాట ఆ ఇంటి మనిషి నోట వింటే ఈరోజుకీ నా తల దానంతటదే వంగిపోతుంది. ఎందుకో చెబితే తప్ప ఆమె ఎలాంటి మనిషో చెప్పినట్టు కాదు.

వీధి మొత్తం ఆమెను టీచరమ్మ అనే పిలిచేది. ఆడపిల్లల బడిలో ఏళ్ళ తరబడి తెలుగు చెప్పి రిటైరయింది. భర్త లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవాడట. నేను వెళ్ళేనాటికే ఆయన లేడు, పిల్లలూ లేరు. ముందు రెండు గదులు, వెనక పెరడు, పెరట్లో ఒక రేకుల గది. యూనివర్సిటీ హాస్టల్లో నా గడువు అయిపోయి, పీహెచ్‌డీ మాత్రం అవక, గది కోసం తార్నాక సందులన్నీ తిరుగుతుంటే ఆ రేకుల గది దొరికింది.

చేరిన రోజే షరతులు చెప్పింది. "సిగరెట్ తాగొద్దు. ఆదివారం నేను చర్చికి పోయేదాక రేడియో పెద్దగ పెట్టొద్దు. ఇగ, చెత్త బయట ఎయ్యొద్దు. తొక్కలు, చాయ్‌పత్త, మాడిన అన్నం, ఏదైనా సరే, గా గుంతల్నే."

గుంతలు రెండు. నా గది వెనక, ప్రహరీ వారగా, సీతాఫలం చెట్టు కింద ఉండేవి. ఒకటి నింపుతూ ఉండేది, రెండోది గోనెపట్టా కప్పి వదిలేసేది. వంటింటి చెత్త ఒక వరుస, ఎండాకులు ఒక వరుస, పైన కాస్త మట్టి. ఇప్పుడైతే ఇంట్లో ఎరువు చేసుకోవడం గురించి పేపర్లలో రాస్తున్నారు. అప్పట్లో మా వీధిలో అది ముసలావిడ పిచ్చి కిందే లెక్క.

ఆ విద్యలో ఆమె ఆరితేరిందేమీ కాదు. ఒక వానాకాలం బియ్యం కడిగిన నీళ్ళన్నీ అందులోనే పోసి బురద చేసింది. పందికొక్కులు గుంత కింద నుంచి బొరియ తవ్వి సరిగ్గా నా గడప ముందు తేలాయి. ఇంకోసారి ఎవరో చెప్పారని సున్నం చల్లి వానపాములన్నిటినీ చంపేసుకుంది. ఆ వారమంతా ఆమె ముఖంలో కళ లేదు. "నేనే సంపిన. ఎవరో చెప్తే ఇనుడేంది నేను?" అని తిరిగిన చోటల్లా అదే మాట. పొద్దున రేడియోలో వార్తలు వింటూ అరటి తొక్కల్ని, సొరకాయ చెక్కుల్ని కత్తెరతో చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించేది. గుంత దగ్గరికి వెళ్ళేటప్పుడు చీర మీద భర్త పాత ఖాకీ చొక్కా తొడుక్కునేది. చెయ్యి గుంతలోకి పెట్టి చూసి నన్ను కేకేసేది.

"ఇగో, చెయ్యి పెట్టి సూడు. జొరమొచ్చిన పిల్ల తీరుగ ఎట్ల కాలుతున్నదో!"

నేను పెట్టేవాణ్ణి కాదు. నాకు అసహ్యం. పల్లెటూరి రైతు బిడ్డనే. పెంటకుప్పల మధ్య పెరిగినవాణ్ణే. వాటి నుంచి దూరంగా రావడానికే కదా చదువుకున్నాను అనుకునేవాణ్ణి.

కానీ ఆకుల పని తప్పలేదు. ఆమె పెరట్లో ఉన్న ఒక్క చెట్టు ఆకులు గుంతకు చాలేవి కావు. క్యాంపస్‌లో మాత్రం ఎండాకాలం వచ్చిందంటే రోడ్ల పక్కన కుప్పలే కుప్పలు. ఊడ్చేవాళ్ళు వాటిని పోగుచేసి అంటుపెట్టేవాళ్ళు. అంటుపెట్టేలోపు ఒక గోనెసంచి నింపుకుని, సైకిల్ క్యారేజీకి కట్టి తేవడం నా వంతు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చరిత్ర శాఖలో రీసెర్చ్ స్కాలర్ని అనిపించుకుంటూ, వంగి ఆకులెత్తాలంటే ప్రాణం చచ్చిపోయేది. హాస్టల్ ముందు కల్వర్టు మీద జూనియర్లు కూర్చుని ఉండేవాళ్ళు.

"అన్నా, మేకలు గిట్ల కొన్నవా?" అని అరిచేవాడు ఒకడు. మిగతావాళ్ళు పడీ పడీ నవ్వేవాళ్ళు.

ఒకరోజు ఉక్రోషం పట్టలేక టీచరమ్మకు చెప్పాను. ఆమె కత్తెర ఆపి నా వైపు చూసింది. "ఆకులు మోసినందుకు నవ్విన్రా? మంచిగున్నది. నీ దగ్గర ఇంకే తప్పు దొరకలే అన్నట్టు."

థీసిస్ సమర్పించిన రోజు నుంచి ఆమె నన్ను డాక్టర్ సాబ్ అని పిలవడం మొదలుపెట్టింది. ఆమె పిలిస్తే పక్కింటివాళ్ళు పిలిచారు. వాళ్ళు పిలిస్తే కిరాణా కొట్టాయన పిలిచాడు. ఇంకా వైవా కాలేదండీ అంటే ఎవరూ వినేవాళ్ళు కాదు. మా డిపార్ట్‌మెంట్‌లోనూ అంతే. వైవా అంటే చాయ్, సమోసా, చప్పట్లు అనేవాళ్ళు. అందులో తప్పినవాణ్ణి ఎవరూ చూడలేదు.

"సమోసాలతోని సరిపెడ్తరా? మా ఇంట్లకెళ్ళి మొదటి డాక్టర్ ఎల్తున్నడు. నేను అన్నం పెడ్త" అంది టీచరమ్మ.

వద్దని ఎంత చెప్పినా వినలేదు. బౌద్ధనగర్ నుంచి చర్చి ఫంక్షన్లకు వండే ఆయన్ని పిలిపించింది. టెంట్‌హౌస్ నుంచి పెద్ద డేగ్షాలు, కుర్చీలు తెప్పించింది. బగారా అన్నం, మటన్, బగారా బైంగన్, పెరుగు, డబల్ కా మీఠా. మా డిపార్ట్‌మెంట్ వాళ్ళను, వీధిలో వాళ్ళను అందరినీ పిలిచింది. జనగామ దగ్గరి మా ఊరికి కార్డు రాసి అమ్మనూ బాపునూ రప్పించింది. బాపు ఉతికిన ధోవతి కట్టుకుని, బంతిపూల దండను తడిగుడ్డలో చుట్టుకుని ముందురోజే దిగాడు. వెంట మా మేనమామ.

"వైవా అంటే ఏంది టీచరమ్మా?" అని బాపు అడగడం నేను విన్నాను.

"పెద్ద పెద్ద సార్లు కూసుని ప్రశ్నలడుగుతరు. మీ కొడుకు జవాబులు చెప్తడు. ఇగ అంతే. డాక్టరు."

"చెప్తడు, చెప్తడు. చిన్నప్పటిసంది వాడు జవాబుకు తడుముకునుడు లేదు" అన్నాడు బాపు.

వైవాకు వచ్చిన పరీక్షకుడు వేరే రాష్ట్రం ఆయన, పెద్దవాడు, మెత్తగా మాట్లాడాడు. చివరి రెండు అధ్యాయాలు తెరిచి, "ఇదంతా మీరు అనుకుంటున్నది. ఆధారం ఎక్కడుంది?" అని అడిగాడు. చెప్పబోయాను. చెప్పేకొద్దీ నాకే తెలిసిపోయింది, నా దగ్గర లేదని. ఆయన ఇంకోలా అడిగాడు, జవాబు చెప్పే వీలు ఇవ్వడానికి. అప్పుడూ చెప్పలేకపోయాను. మా గైడు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆ రెండు అధ్యాయాలూ తిరిగి రాసి, మళ్ళీ వైవాకు రావాలన్నారు. ఆయన అడిగింది న్యాయమే. అన్యాయం అయ్యుంటే కోపమైనా మిగిలేది.

అటెండరుకు ఇవేమీ తెలియదు కదా. సమోసాల ప్లేట్లు తెచ్చి అందరి ముందూ పెట్టాడు. ఎవరూ ముట్టుకోలేదు. చేతులకు ఏదో ఒక పని కావాలనిపించి నేనొక్కణ్ణే ఒక సమోసా తిన్నాను. ఆ సమయానికి మా అమ్మ మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకుండా నాకోసం చూస్తోంది. ఆ సమోసా రుచి నాకింకా గుర్తుంది.

విందుకు రావాల్సినవాళ్ళు ఒక్కొక్కరే భుజం తట్టి వెళ్ళిపోయారు. ఇంటికి వెళ్ళడానికి నాకు కాళ్ళు రాలేదు. లైబ్రరీ వెనక బండల మీద కూర్చున్నాను. నేను వెళ్ళకపోతే వాళ్ళే సంగతి అర్థం చేసుకుంటారు, తినేస్తారు, వీధివాళ్ళూ తిని వెళ్ళిపోతారు, అంతా అయ్యాక వెళ్తే ఎవరి ముఖమూ చూడక్కర్లేదు, అనుకున్నాను. బండలు కాలుతున్నా లేవలేదు. ఎండ చల్లబడి, దీపాలు పెట్టే వేళకు సందు మొగలో సైకిల్ దిగాను.

కుర్చీలు వరసగా వేసినవి వేసినట్టే ఉన్నాయి. మధ్యాహ్నం వీధివాళ్ళు కొందరు వచ్చి, కాసేపు కూర్చుని, ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళి తిన్నారట. పెద్దసారు రాలేదని, వైవా వాయిదా పడిందని, వండింది చర్చికి పంపిస్తానని టీచరమ్మ వాళ్ళకు చెప్పి పంపింది. నిజమేమిటో అప్పటికి ఆమెకు తెలియదు. నేను రాకపోవడంతోనే ఏదో అనుకుని ఉంటుంది. గేటు దగ్గర నా ముఖం చూసి పక్కకు జరిగింది.

"లోపటికి రా బిడ్డా. కాళ్ళు కడుక్కో" అంది.

బాపు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో తడిగుడ్డ మూట. "అయిపోయిందా?" అన్నాడు లేస్తూ.

"కాలే బాపూ. మళ్ళ రాయమన్నరు."

"అంటే?"

"అంటే... తప్పినట్టే."

బాపు తల ఊపాడు. చేతిలో దండ ఎక్కడ పెట్టాలో ఆయనకు తోచలేదు. మెట్టు మీద పెట్టబోయి, మళ్ళీ తీసి, చివరికి అమ్మకు ఇచ్చాడు. అమ్మ దాన్ని సంచిలో అడుగుకు తోసి పైన చీర కప్పింది.

"మీరు తిన్నరా?" అన్నాను.

"నువ్వు రాంది ఎట్ల తింటం?" అంది అమ్మ.

టీచరమ్మ డేగ్షాల మూతలు తీసింది. ఎండలో, రేకుల పక్కన, పొద్దంతా ఉడికిన అన్నం జిగురు కట్టింది. మటన్ మీద నురగ తేలింది. వంకాయ కూర పులిసింది. మధ్యాహ్నం దాటినప్పుడే రిక్షా స్టాండు వాళ్ళను పిలిచి పెట్టేద్దామని ఆమె అందట. "నా కొడుకు ముద్ద ముట్టంది ఎట్ల పెడ్తం టీచరమ్మా, ఇంకింత సేపు సూద్దాం" అన్నాడట బాపు. అలా చూస్తూ చూస్తూ సాయంత్రం చేశారు. ఆమె స్టవ్ వెలిగించి ఉప్మా చేసింది. గోడకు ఆనుకుని వరసగా కూర్చుని తిన్నాం. ఎవరూ ఎవరినీ చూడలేదు.

తెల్లవారుతుండగా గడ్డపార చప్పుడుకు లేచాను. గది వెనక, పాత గుంతల పక్కన, బాపు కొత్త గుంత తవ్వుతున్నాడు. ధోవతి పైకి కట్టుకుని, నేలను చూస్తూ, ఊరిలో తవ్వినట్టే తవ్వుతున్నాడు. టీచరమ్మ ఖాకీ చొక్కా వేసుకుని ఆకుల సంచులు విప్పుతోంది. అవి నేను మోసుకొచ్చినవే.

"గింత కష్టమెందుకు? మూల మీద చెత్తకుండీ ఉన్నది గద, గండ్ల ఏస్తే పాయె" అన్నాడు మామ.

"కుండీల ఏస్తే పందులు గుంజుతయి" అంది టీచరమ్మ. "రోడ్డు పొడుగూత బగారన్నమే ఉంటది. బడికి పొయ్యే పోరగాండ్లు గూడ సూస్తరు. ఎవరింట్లది, ఎందుకొండిన్రు అని అడుగుతరు. వద్దు."

గుంత నడుం లోతైంది. మామా నేనూ డేగ్షాను అంచు దాకా లాగాం. అప్పుడు బాపు గడ్డపార పక్కన పడేసి మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. "పేడ ఏస్త. గడ్డి ఏస్త. అన్నం పూడ్సుడు నాతోని కాదు టీచరమ్మా."

కాసేపటికి టీచరమ్మ కూడా అక్కడే నేల మీద కూర్చుంది.

"మా ఆయన పోయినంక శానా దినాలు నా చేతికి లెక్క తెల్వకపోయేది అన్నా" అంది బాపుతో. "ఇద్దరికి ఎసరు పెట్టుకునేదాన్ని. తినేటాయన లేడు. పొద్దుగాల గా అన్నం దీస్కపోయి కుండీల ఏసొచ్చేదాన్ని. ఒకనాడు ఎదురింటామె సూసి, 'టీచరమ్మా, ఇంకా సారుకు గూడ వండుతున్నరా' అన్నది. పాపం, ఆమె మంచిగనే అన్నది. నాకు మాత్రం సిగ్గయింది. మనిషి పోయినా ఇంక ఆయన వంతు గూడ వండుకునే పిచ్చిదాన్ననుకుంటరని. గా దినం నుంచి బయట ఏసుడు బంద్ జేసిన. గీడ్నే ఇంత గుంత తవ్వి, ఆయన అన్నం గండ్ల కప్పెట్టేది. చెట్ల కోసమని అనుకుంటరు అందరు. మొదలు తవ్వింది సిగ్గుకే."

అన్నేళ్ళు ఆ ఇంట్లో ఉన్నాను. ఆ గుంతను చూసి అసహ్యించుకున్నాను, దానికి ఆకులు మోసి తిట్టుకున్నాను. అది ఎందుకు మొదలైందని ఒక్కసారి కూడా అడగలేదు.

ఆమె లేచి మొదటి గిన్నె అన్నం తనే గుంతలో వేసింది. అమ్మ నాలుగు మెతుకులు తీసి కళ్ళకద్దుకుని వేసింది. అప్పుడు బాపు లేచాడు. నా వైపు చూడకుండా డేగ్షా ఒక చెవి పట్టుకుని, "పట్టు" అన్నాడు. రెండో చెవి నేను పట్టుకున్నాను. ఇద్దరం కలిసి వంచాం.

పొద్దున బస్సుకే వాళ్ళు వెళ్ళిపోయారు. బస్సు కదిలేముందు బాపు కిటికీలోంచి, "మళ్ళ రాయి. ఊర్లె నేను చెప్పుకుంట తియ్యి" అన్నాడు. ఊరిలో ఆయన ఎవరికి, ఏమని చెప్పుకుని ఉంటాడో నేను ఇంతవరకూ అడగలేదు.

అన్నీ ఒకేసారి వేశాం. ఆకులు చాల్లేదు. మే నెల ఎండ. నాలుగు రోజులు తిరిగేసరికి వాసన మొదలైంది. కుక్కలు గోడ దూకి మట్టిని గీకాయి. ఈగలు నా గది రేకులను నల్లగా కప్పేశాయి. అయినా వీధిలో నేను కనబడితే, "ఏం డాక్టర్ సాబ్, మళ్ళెప్పుడట?" అని నవ్వుతూ అడిగేవాళ్ళు. వాయిదా మాటను అందరూ నమ్మారు.

ఆదివారం టీచరమ్మ చర్చి నుంచి వచ్చేసరికి గేటు దగ్గర ముగ్గురు నలుగురు నిలబడి ఉన్నారు. ముందు ఎదురింటాయన. రిటైర్డ్ ఇంజనీరు, కోస్తా వైపు మనిషి. నేను గదిలోనే ఉన్నాను. తలుపు ఓరగా వేసుకుని వింటున్నాను.

"ఏంటండీ టీచర్ గారూ ఈ వాసన? ఇంట్లో ముద్ద దిగట్లేదు మాకు. మీ పెరట్లో ఏం పాతారు?"

"చర్చిల ఫంక్షన్ అయింది సార్. అన్నం ఎక్కువ మిగిలింది. నేనే తెచ్చి ఏసిన. తప్పయింది."

"చదువుకున్నవారు. అంతమంది పిల్లలకి పాఠాలు చెప్పినవారు. మీరే ఇలా చేస్తే ఇంకెవరికి చెప్పమంటారు?"

"అవ్ సార్. నాదే తప్పు."

తలుపు సందులోంచి ఆమె కనబడుతోంది. తెల్ల చీర, చంకలో బైబిలు. బడిపిల్ల తిట్లు తిన్నట్టు తల వంచుకుని నిలబడింది. ఆమె ఎవరి ముందైనా తల వంచడం నేనెప్పుడూ చూడలేదు. ఇంకాసేపు లోపలే ఉంటే ఈ ఇంట్లో ఇక అన్నం తినలేనని నాకు తెలిసిపోయింది. బయటికి వెళ్ళాను.

"చర్చి అన్నం కాదు సార్. నా వైవా రోజు వండిన అన్నం. వాయిదా పడలేదు. నేను తప్పాను. ఎవరూ తినలేదు, అందుకే పూడ్చాం."

ఎదురింటాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "అలాగా. అయ్యో. మరి... ఏదో ఒకటి చేసి వాసన ఆపండి బాబూ" అని వెనుదిరిగాడు. మిగతావాళ్ళు అంతకుముందే కదిలారు.

గేటు వేసి టీచరమ్మ నా మీద విరుచుకుపడింది.

"నిన్నెవరు చెప్పమన్నరు? నేను ముసల్దాన్ని. నన్ను నాలుగు మాటలంటే ఏమైతది? రేపటిసంది గీ రోడ్డు మీదకెళ్ళే పోవాల్నా లేదా నువ్వు?" ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపమో, మరేమిటో. "ప్రార్థన చేసి వచ్చి, గడప గూడ తొక్కకముందే అబద్ధమాడిన నీకోసం. గా అబద్ధం గూడ ఖరాబ్ జేస్తివి!"

నాకు నవ్వొచ్చింది. నవ్వబోతే ఏడుపొచ్చింది. ఆమె నన్ను అలాగే కాసేపు వదిలేసి, లోపలికి వెళ్ళి ఖాకీ చొక్కా వేసుకొచ్చింది. "సైకిల్ తియ్యి. ఆకులు తే. ఎన్ని దొరికితే అన్ని."

పట్టపగలు క్యాంపస్‌కు వెళ్ళాను. కల్వర్టు మీద ఆ జూనియర్లే ఉన్నారు. నా వైవా సంగతి వాళ్ళకప్పటికే తెలుసు. మేకల ఊసు ఎవరూ ఎత్తలేదు. ఒకడు మెల్లగా దిగి వచ్చి, నేను సంచి కడుతుంటే సైకిల్ ఒరగకుండా పట్టుకున్నాడు. వాడు నవ్వి ఉంటే బాగుండేదనిపించింది.

సంచుల మీద సంచులు తెచ్చి పోశాక, ముక్కులకు తువ్వాళ్ళు కట్టుకుని గుంత తెరిచాం. లోపల పురుగులు తెల్లగా మరుగుతున్నాయి. రెండు పారలు తీయగానే నేను చెట్టు మొదట్లో కూలబడి వాంతి చేసుకున్నాను. ఆమె మోచేత్తో నా వీపు రాస్తూ, "కక్కు, కక్కు. అది గూడ గుంతల్నే ఎయ్యి" అంది. పొద్దు గుంకేదాకా తీసినదాన్ని తీసినట్టు ఆకుల్లో కలిపి మళ్ళీ నింపాం. రోజు విడిచి రోజు తిరగేశాం. ఒకసారి ఆమె నా చెయ్యి పట్టుకుని బలవంతంగా లోపల పెట్టించింది. నిజంగానే కాలింది. "తొందరపెట్టకు. దాని పని అది చేసుకుంటది" అంది.

వీధి నన్ను డాక్టర్ సాబ్ అని పిలవడం మానేసింది. దాని బదులు బాబూ అని మెత్తగా పిలిచేవాళ్ళు. కిరాణా కొట్టాయన చిల్లర ఇస్తూ నా కళ్ళలోకి చూసేవాడు కాదు. వాళ్ళ జాలి కంటే ఆ వాసనే నయమనిపించేది. రాత్రింబవళ్ళు ఆ రేకుల గదిలో కూర్చుని ఆ రెండు అధ్యాయాలూ మొదటి నుంచీ రాశాను. ఈసారి ప్రతి మాటకూ ఆధారం ఎక్కడుందో వెతుక్కుని రాశాను.

వానలు పడ్డాక వాసన తగ్గింది. బతుకమ్మ పాటలు వినబడే నాటికి గుంతలో నల్లటి మట్టి మాత్రం మిగిలింది. బియ్యం జల్లెడతో ఇద్దరం జల్లించాం. జల్లెడలో మటన్ ఎముకలు మిగిలేవి. "ఇవి ఇంకా ఆగాలె" అని వాటిని పాత గుంతలో వేసేది. నేను పిడికెడు మట్టి తీసి భయం భయంగా వాసన చూశాను. తొలకరి వాసన. అన్నం లేదు, మాంసం లేదు. ఆ విందును ఎవరూ చూడకుండా నేలలో దాచాలనుకున్నాం. తీరా చూస్తే దాచిన చోట దాగింది ఏమీ లేదు. నాకు మాత్రం అప్పుడూ సిగ్గేసింది, ఎందుకో తెలియదు. బహుశా ఆ మట్టి నాకంటే ముందే తేరుకున్నందుకేమో.

ఎదురింటామె గులాబీ కుండీలకు ఎరువు అడిగితే టీచరమ్మ ఒక సంచి నింపి ఇచ్చింది. "ఇది... అదేనా?" అని అడిగింది ఆమె గొంతు తగ్గించి. "గదే" అంది టీచరమ్మ. ఇద్దరూ గేటు పట్టుకుని చాలాసేపు నవ్వుకున్నారు.

మరుసటి ఏడాది రెండో వైవా అయింది. ఈసారి ఎవరికీ చెప్పలేదు. ఆమె వంట మాట ఎత్తలేదు. మధ్యాహ్నం ఇంటికి వచ్చి, "అయింది టీచరమ్మా" అన్నాను. ఆమె "అయిందా" అని నా తల మీద చెయ్యి పెట్టి, చాలాసేపు తీయలేదు. తర్వాత, "నడు, చాయ్ తాగుదాం. ఇంట్ల గాదు, హోటల్ల" అంది.

తార్నాక చౌరస్తా పక్కన ఒక ఇరానీ హోటల్ ఉండేది. రోజూ దాని ముందు నుంచే నడిచినా, ఆడమనిషి అందులో కూర్చోవడమేమిటని ఆమె ఎన్నడూ గడప తొక్కలేదట. అందరూ మగవాళ్ళే, పొగ, కప్పుల చప్పుడు. ఆమె కొంగు తల మీదికి లాక్కుని మూలనున్న బల్ల దగ్గర గోడ వైపు ముఖం పెట్టుకుని కూర్చుంది. చాయ్ వచ్చింది. ఉస్మానియా బిస్కెట్ ఒకటి విరిచి సగం నాకిచ్చింది. ఒక గుక్క తాగింది. ఏమనుకుందో, కప్పు బల్ల మీద పెట్టి లేచి, కుర్చీని బరబరా నేల మీద ఈడ్చి రోడ్డు వైపు తిప్పుకుంది. ఆ చప్పుడుకు హోటల్లో అందరూ తలెత్తి చూశారు. చూడనిచ్చింది. కొంగు భుజం మీదికి జారింది. సర్దుకోలేదు. బయట బస్టాపులో సికింద్రాబాద్ బస్సు కోసం జనం నిలబడి ఉన్నారు, కొందరు లోపలికే చూస్తున్నారు. ఆమె చాయ్‌ని సాసర్‌లోకి వంచుకుని, రెండు చేతులా పైకెత్తి, వాళ్ళందరి ఎదుటా నిదానంగా ఊదుకుంటూ తాగింది.